ఇంట్లో చేసిన లైట్ సేబర్: సగం వెలిగి ఆరిపోతోంది, స్పీకర్లో జుయ్‌మని ఒకటే రొద

ఉక్కునగరం_వాసు
మేనల్లుడి స్కూల్లో నవంబరు 14న స్టేజి ప్రోగ్రాం ఉంది. వాడి కోసం లైట్ సేబర్ (స్టార్ వార్స్ సినిమాల్లో ఉండే వెలిగే కత్తి) చేస్తున్నాను. పైకి చూడ్డానికి బాగానే వచ్చింది, లోపలి గోలే వదలడం లేదు.

వాడిన సామాను: ప్రోగ్రాం నడపడానికి ఆర్డుయినో నానో బోర్డు, మెమరీ కార్డులోని శబ్దాలు వాయించడానికి డీఎఫ్ ప్లేయర్ మినీ, కదలిక పట్టడానికి ఎంపీయూ6050, మీటరుకి 144 దీపాలుండే డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్. స్ట్రిప్‌ని 80 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి, వీపుకి వీపు ఆనించి పాలీకార్బొనేట్ గొట్టంలోకి దూర్చాను. పిడి పీవీసీ పైపు. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన 18650 సైజు లిథియం సెల్ ఒకటి, టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, దాని తర్వాత వోల్టేజి పెంచే ఎంటీ3608 బూస్టరుతో 5 వోల్టులు.

బటన్ నొక్కితే పిడి దగ్గర్నుంచి వెలుగుతూ సగం దాకా వెళ్తుంది, స్పీకర్లో టక్‌మంటుంది, అంతా ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలు. నీలం రంగులో అప్పుడప్పుడు చివరిదాకా వెళ్తుంది. దెబ్బ తగిలినప్పుడు తెల్లగా మెరవాలి కదా, ఆ తెలుపు వచ్చిందంటే మాత్రం కచ్చితంగా ఆగిపోతుంది. ఇది కాక, వెలిగి ఉన్నంతసేపూ జుయ్‌మని సన్నటి రొద. పైగా తిప్పినప్పుడు, కొట్టినప్పుడు శబ్దం ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. డీఎఫ్ ప్లేయర్ పోయిందంటారా? మార్చేయనా?

గాజువాక_గోపి
మార్చి చూడు. ఆ బోర్డుల్లో వేరే వేరే చిప్పులు వేసి అమ్ముతున్నారు, కొన్ని సరిగా పలకవు. పెద్ద ఖరీదు కూడా కాదు.

టంకం_మాస్టారు
వాసూ, ఇంకా ఏదీ మార్చకు. ముందు లెక్క చూద్దాం. 80 సెంటీమీటర్లంటే ఒక్కో ముక్కలో 115 దీపాలు, రెండూ కలిపి 230. ఒక్కో దీపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ ఉంటాయి, రంగుకి సుమారు 20 మిల్లీ ఆంపియర్లు. నీలం ఒక్కటే పూర్తిగా వెలిగితే 4.6 ఆంపియర్లు. తెలుపంటే మూడూ కలిసి 13.8 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర అది 69 వాట్లు.

ఇప్పుడు నీ దగ్గరున్నదేమిటో చూడు. ఎంటీ3608 బోర్డు మీద 2 ఆంపియర్లని రాసి అమ్ముతారు, అంత ఇవ్వడమూ దానికి కష్టమే. టీపీ4056 బోర్డులో సెల్‌ని కాపాడే చిన్న చిప్పు ఉంటే, అది 3 ఆంపియర్ల దరిదాపుల్లో కోసేస్తుంది. ఇక పాత లాప్‌టాప్ సెల్ సంగతి చెప్పక్కర్లేదు. సగం దాకా వెలిగి ఆగిపోవడం ఇందుకే. వెలిగే దీపాలు పెరుగుతున్న కొద్దీ వోల్టేజి కూలుతుంది. 2.7 వోల్టుల దగ్గర నానో తనంతట తాను రీసెట్ అయ్యేలా ఫ్యాక్టరీలోనే సెట్ చేసి ఉంటుంది. స్పీకర్లో టక్‌మనేది డీఎఫ్ ప్లేయర్ కూడా కరెంటు చాలక మళ్ళీ మొదలవడం.

నీకు శబ్దం జబ్బు, కరెంటు జబ్బు అని రెండు లేవు, సగానికి పైగా ఒకటే జబ్బు. మల్టీమీటర్ పెట్టి కొలిచి చెప్పు. కత్తి వెలిగేటప్పుడు కొలిస్తే మీటరుకి అందదు, అంత వేగంగా పడి లేస్తుంది. ప్రోగ్రాం మార్చి సగం కత్తి నీలంలో అలాగే నిలిచి ఉండేట్టు పెట్టు. అప్పుడు సెల్ రెండు కొసల మధ్య ఒకసారి, స్ట్రిప్ మొదట్లో ఒకసారి చూడు.

పూర్ణామార్కెట్_పవన్
69 వాట్లా! అది పట్టుకుని రాత్రిపూట మన విశాఖ బీచ్‌రోడ్డులో తిప్పితే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ అనుకుని ఓడలు ఇటు తిరుగుతాయి.

లాసన్స్‌బే_లత
మాస్టారి లెక్కకి ఇంకొకటి కలపండి. బూస్టర్ ఊరికే వోల్టేజి పెంచదు, ఆ మేరకు సెల్ దగ్గర ఎక్కువ లాక్కుంటుంది. బయట 5 వోల్టుల దగ్గర 4.6 ఆంపియర్లంటే 23 వాట్లు. సెల్ 3.6 దగ్గరుండి, బూస్టర్ 85 శాతం పనిచేస్తుందనుకుంటే సెల్ నుంచి 7.5 ఆంపియర్లు రావాలి. లాప్‌టాప్ సెల్‌ని అంత అడగకూడదు, అది నిదానంగా కరెంటు ఇవ్వడానికి చేసింది.

ఉక్కునగరం_వాసు
కొలిచాను. వెలగనప్పుడు సెల్ దగ్గర 4.05. సగం కత్తి నీలంలో పెడితే సెల్ 3.2కి పడింది, స్ట్రిప్ మొదట్లో 2.9. ఫోటో పెట్టాను, చూడండి.

టంకం_మాస్టారు
సెల్ ఒక్కటే 0.85 వోల్టులు మింగేస్తోంది, దానికి వయసైపోయింది. 5 ఇవ్వాల్సిన బూస్టర్ 2.9 ఇస్తోందంటే అదీ చేతులెత్తేసింది. డీఎఫ్ ప్లేయర్ జోలికి వెళ్ళకు.

పూర్ణామార్కెట్_పవన్
ఫోటోలో వైర్లు చూశాను. సెన్సరుకి వాడిన ఆ సన్నటి వైరే స్ట్రిప్‌కీ వాడావు. 30 గేజి అనుకుంటా (గేజి పెరిగే కొద్దీ వైరు సన్నం). మీటరుకి 0.34 ఓం ఉంటుంది. రానూ పోనూ 30 సెంటీమీటర్లు వేసుకున్నా 0.1 ఓం, 3 ఆంపియర్లు లాగితే 0.3 వోల్టు వైరులోనే పోయింది. 22 గేజి వేస్తే అదే దూరానికి 0.05 వోల్టు. సన్నటి కుళాయి గొట్టానికి పెద్ద మోటారు బిగించినట్టుంది ఇప్పుడు.

స్విచ్ కూడా చూడు. ఆ చిన్న స్లైడ్ స్విచ్‌లు అర ఆంపియరుకి మించి మోయవు. పైగా మన ఊరి ఉప్పుగాలికి లోపలి రేకులు పచ్చగా చిలుం పడతాయి. మాది సముద్రానికి దగ్గర, ఏ స్విచ్ అయినా ఏడాది తిరిగేసరికి గరగరమంటుంది. మీటరుని ఓంలలో పెట్టి స్విచ్ అటూ ఇటూ కొలువు. అర ఓం చూపించినా తీసి పారెయ్.

మధురవాడ_మైక్రో
ఒక్క సెల్‌తో తిప్పలు పడే బదులు రెండు సెల్‌లు వరసగా కలిపి 7.4 వోల్టులు చెయ్యి. డ్రోన్లకి వాడే 5 వోల్టుల యూబెక్ (వోల్టేజి దించే బోర్డు) పెట్టు, 5 ఆంపియర్లవి దొరుకుతాయి. వోల్టేజి దించడం తేలిక, ఎక్కించడం కష్టం. నేను ఇలాగే చేశాను, నాకు ఎప్పుడూ రీసెట్ కాలేదు.

లాసన్స్‌బే_లత
కరెంటు పరంగా మీ మాట నిజమే. కానీ పిడి పొడుగైపోతుంది. 18650 ఒక్కోటి 65 మిల్లీమీటర్లు, రెండంటే 13 సెంటీమీటర్లు బ్యాటరీలకే పోతుంది. పట్టుకునేది పిల్లాడు. ఇంకో సంగతి, టీపీ4056తో రెండు సెల్‌ల జతని ఛార్జ్ చేయకూడదు, అది ఒక్క సెల్‌కి 4.2 వోల్టులిచ్చే బోర్డు. రెండింటికి వేరే ఛార్జరు, బ్యాలెన్సింగ్ అన్నీ కావాలి.

నా సలహా: స్ట్రిప్‌కి బూస్టరే వద్దు. డబ్ల్యూఎస్2812బీ 3.7 దగ్గర శుభ్రంగా వెలుగుతుంది. నేరుగా సెల్ నుంచి ఇచ్చేయండి. నానో కూడా సెల్ మీదే.

మధురవాడ_మైక్రో
నానో 16 మెగాహెర్ట్జ్‌లో నడవాలంటే డేటాషీట్ ప్రకారం 3.78 వోల్టులుండాలి. సెల్ సగం ఖాళీ అయ్యేసరికి అంతకన్నా దిగువకి వచ్చేస్తుంది. నడిచినన్నాళ్ళు నడుస్తుంది, స్టేజి మీద ఆగిపోతే పిల్లాడు ఏడుస్తాడు.

గాజువాక_గోపి
అయితే నానోకి బూస్టరుతో 5, స్ట్రిప్‌కి సెల్ నుంచి 3.7 ఇస్తే సరిపోతుందిగా?

మధురవాడ_మైక్రో
సరిపోదు గోపీ. నానో నుంచి స్ట్రిప్‌కి వచ్చే డేటా వోల్టేజి స్ట్రిప్ సరఫరా కంటే అర వోల్టుకి మించి ఎక్కువ ఉండకూడదు. 3.6 మీద నడిచే దీపానికి 5 వోల్టుల డేటా కొడితే మొదటి దీపం పోతుంది. మొదటిది పోతే వెనకవి ఒక్కటీ వెలగవు.

టంకం_మాస్టారు
ఇద్దరి మాటా కలిసే దారి ఉంది. ఎంటీ3608 మీద నీలం డబ్బా, ఇత్తడి స్క్రూ ఉంటుంది చూడు, దాన్ని తిప్పి 4.0 వోల్టులకి పెట్టు. తిప్పేటప్పుడు సెల్ 3.7 దగ్గర ఉండాలి, నిండుగా ఉంటే సెట్ అవదు, ఎందుకంటే అది పెంచగలదే కానీ దించలేదు. ఆ 4.0 నానోకి, డీఎఫ్ ప్లేయరుకి, సెన్సరుకి మాత్రమే ఇవ్వు. స్ట్రిప్ బూస్టర్ లేకుండా నేరుగా టీపీ4056 అవుట్‌పుట్ మీద. నానోకి 3.78 పైన దొరికింది. డేటా 4.0, స్ట్రిప్ 3.5 పైన, తేడా అర వోల్టు లోపే. డీఎఫ్ ప్లేయర్ 3.2 నుంచి 5 దాకా ఏదైనా తీసుకుంటుంది. సెల్ నిండుగా ఉన్నప్పుడు బూస్టర్ పెంచేది ఏమీ ఉండదు, వచ్చింది కాస్త తగ్గి అలాగే దాటిపోతుంది, ఇబ్బంది లేదు.

డేటా తీగలో స్ట్రిప్ దగ్గర 470 ఓంల రెసిస్టర్ ఒకటి, స్ట్రిప్ మొదట్లో ప్లస్ మైనస్ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి తప్పనిసరి. అలాంటిదే ఇంకొకటి డీఎఫ్ ప్లేయర్ కాళ్ళ దగ్గర. మైనస్ వైపు గీత ఉంటుంది, తిరగేస్తే పేలుతుంది.

మధురవాడ_మైక్రో
4.0 ఆలోచన నాకు తట్టలేదు మాస్టారూ. బాగుంది.

లాసన్స్‌బే_లత
ఇక ప్రోగ్రాంలో కాపలా పెట్టాలి. దీపాలని నడిపే ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీలో (రెడీమేడ్ కోడులో) సెట్‌మ్యాక్స్‌పవర్‌ఇన్‌వోల్ట్స్‌అండ్‌మిల్లీఆంప్స్ అనే ఫంక్షన్ ఉంది. 2000 మిల్లీ ఆంపియర్లని రాస్తే, మీరు ఏ రంగు అడిగినా అది లెక్క వేసుకుని వెలుగు తనే తగ్గిస్తుంది. సెల్‌ని కాపాడే చిప్పు కోసేలోపే ఆగుతుంది. దాని లెక్క అంచనాయే, కాబట్టి మీటరు పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

తెలుపు మెరుపు కత్తి పొడుగునా అక్కర్లేదు. దెబ్బ తగిలిన చోట జానెడు మేర తెల్లగా మెరిసి, మిగతాది ఆ క్షణానికి మసకబారితే చాలు. కళ్ళకి అదే ఇంకా బాగుంటుంది, నిజంగా అక్కడే తగిలినట్టు ఉంటుంది.

సింహగిరి_శ్రీను
సెల్ కొనేటప్పుడు జాగ్రత్త. 9900 మిల్లీ ఆంపియర్ అవర్ అని పెద్ద అక్షరాలతో రాసినవి కొనకు. 18650 సైజులో మంచి కంపెనీలవే 3500 అటూ ఇటూ ఆగుతాయి. నీకు కావలసింది ఎక్కువ నిలవ కాదు, ఎక్కువ కరెంటు. శామ్‌సంగ్ 25ఆర్ లాంటిది నిలవలో 2500 మాత్రమే, కానీ 20 ఆంపియర్లు ఇస్తుంది. చేత్తో పట్టుకుంటే నకిలీ తెలిసిపోతుంది, అసలైనది సుమారు 45 గ్రాములు తూగుతుంది, అవి తేలిగ్గా ఉంటాయి.

ఉక్కునగరం_వాసు
డాబాగార్డెన్స్ వెళ్ళి ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్, 22 గేజి సిలికాన్ వైరు, కెపాసిటర్లు తెచ్చాను. మాస్టారు చెప్పినట్టే మార్చాను. కత్తి పైదాకా ఒక్క ఊపున వెలుగుతోంది! తెలుపు మెరుపుకీ ఆగడం లేదు. పూర్తిగా వెలిగినప్పుడు సెల్ దగ్గర 3.9, స్ట్రిప్ దగ్గర 3.8. మేనల్లుడు రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుంటానన్నాడు, మా అక్క లాక్కుంది.

రొద మాత్రం తగ్గింది కానీ పోలేదు. శబ్దం ఆలస్యం అలాగే ఉంది. ఇంకొకటి కొత్తగా గమనించాను. కత్తి కొస కాస్త పసుపుపచ్చగా, మొదలు నీలంగా కనిపిస్తున్నట్టుంది తెలుపులో.

పూర్ణామార్కెట్_పవన్
కొస రంగు మారడం స్ట్రిప్‌లోని రాగి వల్ల. అది మరీ పలచన, కొసకి వెళ్ళేసరికి వోల్టేజి తగ్గిపోతుంది. ఎరుపు దీపానికి 2 వోల్టులు చాలు, నీలానికి 3 దాటాలి, అందుకే ముందు నీలం మొహం వాడుతుంది. రెండు స్ట్రిప్‌ల మధ్య నుంచి ఒక జత వైర్లు పైకి తీసుకెళ్ళి కొసన కూడా ప్లస్ మైనస్ అతికించు. డేటా తీగ అక్కర్లేదు.

టంకం_మాస్టారు
ఇప్పుడు రొద సంగతి. ఒక పరీక్ష చెయ్యి. కత్తి వెలుగుని పావు, సగం, పూర్తి అని మార్చి విను. రొద స్వరం మారుతోందా? పూర్తి వెలుగులో దాదాపు పోతోందా?

ఉక్కునగరం_వాసు
అవును! పూర్తి వెలుగులో వినబడదు. సగంలో ఎక్కువ. కత్తి ఆర్పితే అసలు లేదు.

టంకం_మాస్టారు
అయితే దొరికింది. దీపాలు వెలుగు తగ్గించడానికి చాలా వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. చిప్పు రకాన్ని బట్టి సెకనుకి కొన్ని వందల సార్ల నుంచి రెండు వేల దాకా. అదంతా చెవికి వినబడే పరిధే. పూర్తి వెలుగులో ఆరడం ఉండదు కాబట్టి రొదా ఉండదు. స్ట్రిప్ మైనస్, డీఎఫ్ ప్లేయర్ మైనస్ ఒకే వైరు మీద ఉన్నాయా? ఉంటే స్ట్రిప్ లాగే ప్రతి గుంజుకీ ఆ వైరులో వోల్టేజి ఊగుతుంది, డీఎఫ్ ప్లేయర్ దాన్ని శబ్దం చేసి వినిపిస్తుంది. స్ట్రిప్ మైనస్ వేరుగా, ధ్వని బోర్డు మైనస్ వేరుగా తెచ్చి టీపీ4056 అవుట్‌పుట్ మైనస్ దగ్గర మాత్రమే కలుపు. నేరుగా సెల్ మైనస్‌కి తగిలించావంటే కాపలా చిప్పుని దాటేసినట్టు అవుతుంది, అది చేయకు.

నానో నుంచి డీఎఫ్ ప్లేయర్‌లో ఆజ్ఞలు అందుకునే ఆర్ఎక్స్ కాలికి వెళ్ళే తీగలో 1 కిలో ఓం రెసిస్టర్ కూడా వెయ్యి. అది లేకపోతే వేరే రకం చిరచిర వస్తుంది. నేను రేడియోలు బాగుచేసిన రోజుల నుంచీ చూస్తున్నాను, రొద వస్తే స్పీకరుని తిడతారు, నూటికి తొంభై పాళ్ళు తప్పు గ్రౌండు వైర్లలోనే ఉంటుంది.

గాజువాక_గోపి
స్పీకర్ తీగల్లో ఒకదాన్ని గ్రౌండుకి కలిపితే రొద తగ్గదా మాస్టారూ? పాత యాంప్లిఫయర్లకి అలా చేసేవాళ్ళం.

టంకం_మాస్టారు
దీనికి అస్సలు చేయకూడదు గోపీ. డీఎఫ్ ప్లేయర్ స్పీకర్ కాళ్ళు రెండూ యాంప్లిఫయర్ నుంచే వస్తాయి, ఒకటీ గ్రౌండు కాదు. కలిపావంటే చిప్పు వేడెక్కి పోతుంది.

మధురవాడ_మైక్రో
ఆలస్యం గురించి నేను చెప్తాను. డీఎఫ్ ప్లేయర్ లైబ్రరీ మొదలుపెట్టేటప్పుడు ఎక్‌నాలెడ్జ్ అనే ఎంపిక మామూలుగా ఆన్‌లో ఉంటుంది. అంటే ఆజ్ఞ పంపి, జవాబు కోసం అర సెకను దాకా కాచుకుంటుంది. ఇక్కడే చిక్కు. స్ట్రిప్‌కి డేటా పంపేటప్పుడు నానోలో ఇంటరప్టులు (మధ్యలో వచ్చే సంకేతాలని పట్టించుకోవడం) ఆగిపోతాయి. దీపానికి 30 మైక్రో సెకన్లు, 230 దీపాలకి దాదాపు 7 మిల్లీ సెకన్లు. నానోకీ డీఎఫ్ ప్లేయరుకీ మధ్య సెకనుకి 9600 బిట్ల వేగంలో ఒక్క అక్షరం 1 మిల్లీ సెకనులో వెళ్ళిపోతుంది. జవాబు వచ్చేసరికి నానో చెవులు మూసుకుని ఉంటే, జవాబు ముక్కలైపోతుంది. లైబ్రరీ కాచుకుని కాచుకుని వదిలేస్తుంది. నీకు ఆలస్యంగా, లేదా అసలు రానట్టు అనిపించేది అదే.

మందు: ఎక్‌నాలెడ్జ్ ఆఫ్ చెయ్యి. పాట నడుస్తోందో లేదో తెలియాలంటే బిజీ కాలు చదువు, శబ్దం వస్తున్నంతసేపూ అది సున్నాలో ఉంటుంది. రెండు స్ట్రిప్‌లకీ ఒకే డేటా తీగ ఇవ్వు, రెండూ ఒకేలా వెలగాలి కాబట్టి ప్రోగ్రాంలో 115 దీపాలే చాలు. 7 కాస్తా 3.5 అవుతుంది. కరెంటు కాపలా లెక్క మాత్రం అప్పుడు సగమే చూపిస్తుంది, 2000 బదులు 1000 అని రాయడం మర్చిపోకు.

సింహగిరి_శ్రీను
ఆ చివరి మాట ముఖ్యం, మైక్రో గారూ. అది మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తాడు.

శబ్దాల ఫైళ్ళ పేర్లు ఎలా పెట్టావు వాసూ? ఎంపీ3 అనే ఫోల్డరులో 0001, 0002 అని ఉండాలి, ఆ ఫోల్డరు నుంచి వాయించే ఆజ్ఞే వాడాలి. బయట పడేస్తే పేరు చూడదు, కార్డులోకి ఏ వరసలో ఎక్కించావో ఆ వరసలో వాయిస్తుంది. కార్డు 32 జీబీ లోపు, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి. దెబ్బ శబ్దాలు వేవ్ ఫైళ్ళుగా పెట్టు, ఎంపీ3 మొదట్లో కొద్దిగా మౌనం చేరుతుంది.

ఉక్కునగరం_వాసు
గ్రౌండు వైర్లు విడదీశాను, రొద పోయింది. చెవి ఆనిస్తేనే కాస్త. ఎక్‌నాలెడ్జ్ ఆఫ్ చేశాక దెబ్బకి శబ్దం వెంటనే వస్తోంది. పరిమితి 1000కి మార్చాను శ్రీను గారూ. మీ అందరికీ రుణపడి ఉంటాను.

కత్తి వెలిగి ఉన్నంతసేపూ వాయించే హమ్మింగ్ శబ్దం నడుస్తుండగా దాని మీద తిప్పుడు శబ్దం కూడా కలిసి రావాలంటే కుదురుతుందా? ఇప్పుడు తిప్పితే హమ్మింగ్ తెగి, తిప్పుడు శబ్దం వస్తుంది. శబ్దం కూడా డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా ఉంది.

లాసన్స్‌బే_లత
డీఎఫ్ ప్లేయర్ రెండు శబ్దాలు కలపలేదు. అది కావాలంటే ఈఎస్‌పీ32తో మ్యాక్స్98357ఏ యాంప్లిఫయర్ పెట్టి శబ్దాలని ప్రోగ్రాంలోనే కలపాలి, లేదా లైట్ సేబర్ల కోసమే చేసిన ప్రొఫీబోర్డు కొనాలి. ఈ ప్రోగ్రాంకి వద్దు, తర్వాత చూసుకోండి. ప్రస్తుతానికి తిప్పుడు శబ్దం ఫైళ్ళలోనే హమ్మింగ్ కలిపి రికార్డు చేసి పెట్టండి. తెగినట్టు తెలియదు.

సింహగిరి_శ్రీను
పలచగా వినిపించడానికి కారణం స్పీకర్ వెనక తెరిచి ఉండడం. ముందు నుంచి వచ్చే గాలినీ వెనక నుంచి వచ్చే గాలినీ కలవనిస్తే బరువైన శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్ అంచు చుట్టూ ఫోమ్ టేపు అంటించి, వెనక చిన్న మూత వేసి గాలి చొరకుండా మూసెయ్. పిడి కొసన చిల్లులు ధారాళంగా ఉండాలి. వాల్యూమ్ 30 దాకా ఉంటుంది, 22 దాటించకు, బొంగురుపోతుంది.

ఉక్కునగరం_వాసు
మూశాక వేరే స్పీకర్ పెట్టినట్టుంది! కానీ రాత్రి నిండా ఛార్జ్ చేసి, కత్తి ఆర్పి పెట్టాను, మర్నాడు సాయంత్రానికి సెల్ ఖాళీ. కొత్త సెల్ కదా, పాడైందా?

టంకం_మాస్టారు
సెల్ బాగానే ఉంది. ఆ దీపాలు నల్లగా ఉన్నా లోపలి చిప్పు మెలకువగానే ఉంటుంది, ఒక్కోటి 1 మిల్లీ ఆంపియరు దాకా తాగుతుంది. 230 దీపాలంటే పావు ఆంపియరుకి దగ్గర. నానో, డీఎఫ్ ప్లేయర్ వేరే. 2500 సెల్ పది గంటలకి మించి నిలవదు. బటన్‌తో ఆర్పడం ఆర్పడం కాదు, టీపీ4056 అవుట్‌పుట్ తర్వాత 5 ఆంపియర్లు మోసే గట్టి స్విచ్ ఒకటి పెట్టి పూర్తిగా కొయ్యి.

ఛార్జింగులో కూడా ఇదే పట్టుకుంటుంది. టీపీ4056 1 ఆంపియరుతో నింపుతూ, కరెంటు 100 మిల్లీ ఆంపియర్లకి తగ్గాక సెల్ నిండిందని ఆపుతుంది. పక్కన స్ట్రిప్ 230 లాగుతూ ఉంటే ఆ 100 ఎప్పటికీ రాదు, ఆపదు, సెల్ 4.2 దగ్గరే వేలాడుతుంటుంది. లిథియం సెల్‌కి అది మంచిది కాదు. స్విచ్ కోసి ఉంచే ఛార్జ్ చెయ్యి.

పూర్ణామార్కెట్_పవన్
పిల్లాడి చేతిలో ఉండేది కాబట్టి ఇది కూడా. సెల్ ప్లస్ దగ్గర 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వెయ్యి. సెల్ మీద ప్లాస్టిక్ తొడుగు చిరిగిందేమో చూడు, 18650కి ఒళ్ళంతా మైనస్సే, పీవీసీ పిడిలో ఏ టంకం చుక్కో గుచ్చుకుంటే షార్టే. సెల్‌కి నేరుగా టంకం పెట్టకు, హోల్డరు వాడు. వేడికి లోపల పాడవుతుంది.

గాజువాక_గోపి
ప్రోగ్రాంకి ముందు సెల్‌ని బయటికి తీసి పెట్టమను. పిల్లలు స్టేజి వెనకే యుద్ధం అయిపోగొడతారు.

ఉక్కునగరం_వాసు
5 ఆంపియర్ల స్విచ్, ఫ్యూజు, హోల్డరు రేపు తెస్తాను. ఫ్యూజు సెల్‌కీ టీపీ4056కీ మధ్యనా, టీపీ4056 తర్వాతా?

పూర్ణామార్కెట్_పవన్
సెల్‌కీ టీపీ4056కీ మధ్య, సెల్ ప్లస్‌కి ఎంత దగ్గరైతే అంత. ఆ తర్వాత ఎక్కడ షార్ట్ అయినా ఫ్యూజే పోవాలి.